నాలుగు లైన్లు రాసివ్వను

రాజమండ్రి

చిరంజీవి అమ్మలుకి పెద్దనాన్న దీవెనలు.

నానమ్మ మోకాళ్ల నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి, నోరు మాత్రం దివ్యంగా ఉంది. పెద్దమ్మ నిన్ను అడిగానని రాయమంది.

"వచ్చే వారం అమ్మకి యాభై నిండుతాయి పెద్దనాన్నా, స్టేటస్‌లో పెట్టుకోడానికి మంచి తెలుగులో నాలుగు లైన్లు రాసి పంపవా" అని అడిగావు. రాసివ్వను. కోపం తెచ్చుకోకు. నేను రాస్తే అది నా మరదలికి నేను చెప్పిన మాట అవుతుంది, కింద సంతకం నీది ఉంటుంది, అంతే తేడా. ఈ మధ్య ఫోన్‌ని అడిగినా క్షణంలో రాసిపెడుతోందట. దాన్ని వదిలి నన్నడిగినందుకు సంతోషమే. అందుకే నాలుగు లైన్లకి బదులు నాలుగు పేజీలు రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

రెడీమేడ్ శుభాకాంక్షలు మీ తరంతోనే మొదలయ్యాయని అందరూ అంటూంటారు. అది నిజం కాదు. నేను ఉద్యోగం చేసిందే వాటి మధ్య. టెలిగ్రాఫ్ ఆఫీసులో గ్రీటింగ్ టెలిగ్రాముల కోసమని వాక్యాల పట్టిక ఒకటి అచ్చువేసి ఉండేది. దీపావళికొకటి, పెళ్లికొకటి, పరీక్ష పాసైతే ఒకటి, పుట్టినరోజుకొకటి. ప్రతి వాక్యానికీ ఓ నంబరు. కౌంటరు దగ్గరికొచ్చినాయన పట్టికలో వేలుపెట్టి చూపించి, ఫారం మీద ఆ నంబరు, చిరునామా, తన పేరు రాసిచ్చేవాడు. మేము పంపేది నంబరే. అవతలి ఊళ్లో ఆ నంబరుకెదురుగా ఉన్న వాక్యాన్ని పూర్తిగా దించి, బొమ్మలున్న ఫారం మీద అందించేవాళ్లు. ఆ బొమ్మల వల్ల ఇంకో ఉపకారం కూడా ఉండేది. మన పల్లెల్లో తంతి వచ్చిందంటే చావుకబురేనని విప్పకముందే ఏడుపు మొదలెట్టేవాళ్లు కదా, రంగుల కాగితం చూస్తే ప్రాణం కుదుటపడేది.

దేశమంతటికీ ఒకటే వాక్యం. అయినా ఆ కాగితాల్ని పెట్టెల్లో దాచుకున్నవాళ్లున్నారు. వాక్యం బాగుందని కాదు. పంపినాయన పని మానుకుని ఆఫీసుదాకా వచ్చాడని, డబ్బు కట్టాడని, తారీఖు తనంతట తాను గుర్తుపెట్టుకున్నాడని వాళ్లకి తెలుసు. మాట అరువుదే గానీ శ్రమ సొంతం. 2013 జూలైలో ఆ సర్వీసు మూసేశారు. ఇప్పుడా శ్రమ లేదు. తారీఖు ఫేస్‌బుక్కే గుర్తుచేస్తుంది. ఏం రాయాలో కూడా అదే అందిస్తుంది. పంపడానికి ఖర్చు లేదు, లేచి నిలబడక్కర్లేదు. అంచేత ఇవాళ నువ్వు నీ దగ్గర్నుంచి పెట్టగలిగింది మాట ఒక్కటే. అదీ అరువు తెస్తే ఇంక అందులో నీదేముంది? నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా ఎలా చెయ్యాలన్న సంగతి.

మన కుటుంబం గ్రూపు చూస్తూనే ఉంటావుగా. పొద్దున్నే ఎవరో ఒకరు మొదలెడతారు, ఇంక వెనకాల వరస. కేకు బొమ్మ, గులాబీల బొమ్మ, మూలని ఏదో బట్టల షాపు పేరు. నాకు నవ్వొచ్చేది ఆ బాణం గుర్తు చూసినప్పుడు. 2018 నుంచి వాట్సాప్ ఫార్వర్డ్ చేసిన మెసేజ్ మీద ఆ సంగతి రాసి మరీ చూపిస్తోంది. బాగా చేతులు మారిందైతే రెండు బాణాలు వేస్తుంది. పోయిన నెల మీ చిన్నత్తకి "నా జీవితంలో మీలాంటివారు మీరొక్కరే" అని ఓ శుభాకాంక్ష వచ్చింది, రెండు బాణాలతో.

స్టేటస్ సంగతి. అది ఇరవై నాలుగు గంటల్లో పోతుంది. మీ అమ్మ స్టేటస్‌లు చూడదు, నీ స్నేహితులు చూస్తారు. మరి శుభాకాంక్షలు ఎవరికి చెప్పినట్టు? మన కోటగుమ్మం సెంటర్లో కట్టే ఫ్లెక్సీలు గుర్తున్నాయా, నాయకుడి జన్మదినం అని పైన చిన్న అక్షరాలు, కింద కట్టించినవాళ్ల తలకాయలు వరసగా. స్టేటస్ కూడా అలాంటి ఫ్లెక్సీయే. పెట్టొద్దనను. సరదా పడ్డావు, పెట్టుకో. కాకపోతే ముందు అమ్మకి చెప్పు, తర్వాత ఊరికి చెబుదువుగాని. ఫొటో కూడా నువ్వు బాగున్నది కాదు, అమ్మ బాగున్నది ఏరు. ఈ విషయంలో పెద్దమ్మ నాకంటే కఠినం. "తల్లి కళ్లు మూసుకుపోయినా సరే, తన జుట్టు బాగుంటే చాలు, పెట్టేస్తారు" అంటుంది. ఎవర్ని అందో నీకు తెలుసు, నేను రాయను.

ఇంక అమ్మకి ఏం రాయాలి? ముందు ఏది రాయకూడదో తేలిగ్గా తెలుసుకోవచ్చు. రాసింది చదువుకుని, అమ్మ పేరు తీసేసి మీ ఎదురింటావిడ పేరు పెట్టి చూడు. అప్పుడు కూడా సరిపోతే కొట్టెయ్యి. ప్రేమమూర్తి, త్యాగమయి, కనిపించే దేవత, ఇవన్నీ ఆ దెబ్బతో పోతాయి. పోనీ. సన్మానపత్రాల్లో చదవడానికి పనికొస్తాయి గానీ కూతురు తల్లితో అనే మాటలు కావవి. రోజూ "ఏమే అమ్మా" అని పిలిచేదానివి ఆ ఒక్కరోజు గ్రాంథికంలోకి దిగితే అమ్మకి కంగారు పుడుతుంది, ఏమైందో దీనికి అని.

నీకూ ఆవిడకీ మాత్రమే తెలిసింది ఒకటి ఉంటుంది, అది పట్టుకో. నాకు గుర్తున్నది ఒకటి చెబుతాను. నువ్వు ఇంటర్‌కి హాస్టల్లో ఉన్న రెండేళ్లూ మీ అమ్మ ఔటింగ్ ఇచ్చే ఆదివారాలు విజయవాడ బస్సెక్కేది. గేటు బయట చెట్టుకింద నీతో కాసేపు కూర్చుని మళ్లీ బస్సెక్కేది. సంచిలో కందిపొడి, గోంగూర, కరివేపాకు కారం. సీసాల మూతల మీద టేపు అంటించి, దాని మీద తారీఖు రాసేది, పాతది ముందు తిని కొత్తది తర్వాత తియ్యాలని. నువ్వేమో కొత్తదే ముందు తీసేదానివని ఆవిడే చెప్పి నవ్వింది ఓసారి. నాకు తెలిసింది ఇంతవరకే. ఆ చెట్టుకింద మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో, మాక్ టెస్టుల్లో మార్కులు తగ్గిన వారం ఆవిడ నిన్నేమందో, ఏమనకుండా ఊరుకుందో, అది నీ దగ్గరుంది. రెండు వాక్యాలు చాలు. "అమ్మా, ఇప్పటికీ ఏ సీసా మూత చూసినా తారీఖు వెతుకుతాను" అని నువ్వు రాస్తే, నేను ఎంత మంచి తెలుగు రాసినా దాని ముందు నిలబడదు. ఈ వాక్యం మాత్రం వాడకు, ఇది నేను రాసేశాను. నీది నువ్వు వెతుక్కో.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. మీ అమ్మకి నువ్వు పుట్టకముందు కూడా పుట్టినరోజులున్నాయి. ఈ యాభైలో సగం పైగా నీకు సంబంధం లేనివే. పెళ్లికి ముందు లలితగీతాలు పాడేది, ఆకాశవాణిలో కూడా పాడింది. ఎప్పుడైనా అడిగావా? పిల్లలు తల్లికి రాసే శుభాకాంక్షలన్నీ "నువ్వు నాకోసం ఏం చేశావు" దగ్గరే తిరుగుతాయి. చూడబోతే జీతం రసీదులా ఉంటాయి. ఈ వారంలో మీ పెద్ద మావయ్యకి ఫోన్ చేసి, అమ్మ నీ వయసులో ఎలా ఉండేదో, దేనికి గొడవపడేదో, ఏ పాట పాడేదో అడుగు. ఒక్కటి దొరికినా చాలు. పుట్టినరోజునాడు ఆ పాట పేరెత్తి "ఇది నీకు నోటికి వచ్చటగా" అని అడిగావనుకో, మీ అమ్మ మొహం నేను చూడకుండానే చెప్పగలను.

నానమ్మకైతే రాతే వద్దు, ఆవిడ చదవలేదు. గొంతు రికార్డు చేసి పంపు, నిమిషం లోపు. ఫోన్‌లో మాట్లాడితే ఆవిడకి సగం వినపడదు, "ఆ, ఆ" అని పెట్టేస్తుంది. రికార్డు అయితే పెద్దమ్మ చేత పదిసార్లు పెట్టించుకుంటుంది. మీ అన్నయ్య పంపిన దాన్ని పాలబ్బాయికి కూడా వినిపించింది.

తారీఖుల దగ్గరికొద్దాం. నాకు ఏటా జూలై 1న శుభాకాంక్షలు వెల్లువలా వస్తాయి. ఆ రోజు నేను పుట్టలేదు. బళ్లో వేసినప్పుడు హెడ్మాస్టరుగారు ఐదేళ్లు నిండేలా లెక్కచూసుకుని వేసేసిన తారీఖు అది. అదే బడి సర్టిఫికెట్‌లోకి, సర్వీసు రిజిస్టర్లోకి, ఆధార్‌లోకి, చివరికి ఫేస్‌బుక్‌లోకి ఎక్కింది. మా తరంలో జూలై 1న పుట్టినవాళ్లు కోకొల్లలు. గవర్నమెంటులో ఒకటో తారీఖున పుట్టినవాళ్లు అంతకు ముందు నెలాఖరుకే రిటైరవ్వాలని రూలు, అంచేత మా ఆఫీసులో జూన్ 30 అంటే శాలువాల రోజు. నిజానికి నేను పుట్టింది నాగులచవితి మర్నాడు. హేవిళంబి నామ సంవత్సరం. ఆ సంగతి నానమ్మకి తెలుసు, ఆ పూట తలంటిపోసి పరమాన్నం వండిస్తుంది. ఫేస్‌బుక్‌కి తెలీదు.

తిథి పుట్టినరోజుల్ని మీరు పాతకాలం వ్యవహారమని వదిలేశారు. నేనొక లాభం చెబుతాను. చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులే. అందుకని తిథి ఇంగ్లీషు తారీఖు కంటే ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, అధికమాసం వచ్చిన ఏడాది మళ్లీ ముందుకొస్తుంది. పందొమ్మిదేళ్లకోసారి రెండూ ఒకేరోజో, ఓ రోజు అటూఇటూగానో కలుస్తాయి. నీ పందొమ్మిదో పుట్టినరోజుకి కలిశాయి, పంచాంగం తీసి చూడు. మళ్లీ ముప్ఫై ఎనిమిదికి. మిగతా ఏళ్లన్నీ రెండు రోజులు వేరువేరుగా పడతాయి. తారీఖునాడు అందరూ పలకరిస్తారు. తిథినాడు పలకరించేవాళ్లు ఉండరు. ఆ రోజు ఫోన్ మోగిందంటే, ఫేస్‌బుక్ చెబితే చేసిన ఫోన్ కాదని అవతలివాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. మీ అమ్మ పుట్టింది అట్లతద్దె మర్నాడు. పండగ అయిపోయిందిగా, మీ అమ్మమ్మ ఆ రోజే ఫోన్ చేసి దీవించేసింది. ఆవిడ లెక్కలో కూతురికి యాభై ఎప్పుడో నిండాయి.

ఇంక వేళ సంగతి. మీ అన్నయ్య న్యూజెర్సీలో ఉన్నాడు. వాడి పుట్టినరోజుకి మనం ఇక్కడ సరిగ్గా అర్ధరాత్రి పన్నెండింటికి గ్రూపులో ఊదరగొడతాం, అప్పుడు వాడికి ముందురోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరో రెండున్నరో. ఆఫీసులో మీటింగ్‌లో ఉంటాడు, పుట్టినరోజు ఇంకా రానేలేదు. తీరా అక్కడ తెల్లారి వాడు లేచేసరికి ఇక్కడ చెప్పేవాళ్లంతా చెప్పేసి ఉంటారు. మన సాయంత్రం నాలుగున్నరకి ఫోన్ చెయ్యి, వేసవిలో అయితే వాడికి ఉదయం ఏడు, చలికాలంలో ఆరు. పన్నెండు కొట్టగానే ముందు నేనే చెప్పాలన్న పోటీ నాకెప్పుడూ అర్థం కాలేదు. పుట్టినరోజు రోజంతా ఉంటుంది. నిద్రలో లేపడం ఎందుకు?

ఇంకో విషయం, కాస్త కష్టమైనది. నాతో పనిచేసిన ఒకాయన పోయి నాలుగేళ్లు దాటింది. ఆయన ఫేస్‌బుక్ పేజీ అలాగే ఉంది. ఇంట్లోవాళ్లు కంపెనీకి తెలియజేసి, దాన్ని స్మారకంగా మార్పించుకుంటే పుట్టినరోజు గుర్తుచెయ్యడం ఆగుతుంది, కానీ ఆ దుఃఖంలో ఎవరికి తోస్తుంది? ఏటా ఆ రోజు రాగానే "నిండు నూరేళ్లూ చల్లగా ఉండండి సార్" అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన భార్య అవి చదువుతుంది. రాసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. పేరు చూశారు, నొక్కారు, అంతే. నువ్వు ఎవరికి పంపినా నొక్కేముందు ఒక్క క్షణం ఆ మనిషి ఇప్పుడెలా ఉన్నారో తలుచుకో. నీ రూమ్మేట్ ఈ ఏడు తండ్రిని పోగొట్టుకుందని చెప్పావు. ఆ పిల్ల పుట్టినరోజుకి కేకు బొమ్మలూ బుడగలూ పంపకు. పొద్దున వాళ్ల నాన్న ఫోన్ రాని మొదటి పుట్టినరోజు అది. సాయంత్రం వెళ్లి కలిసి భోంచెయ్యి. నాన్నగారి మాటెత్తాలా వద్దా అని సందేహం వస్తుంది నీకు. ఎత్తు. ఎత్తకపోతేనే ఒంటరిగా ఉంటుంది.

ఇంతా చదివి, పరిచయమున్న ప్రతివాళ్లకీ ఇలా రాయాలా అని బెంబేలు పడకు. అక్కర్లేదు. ఆఫీసులో పక్క టీం వాళ్లకి "జన్మదిన శుభాకాంక్షలు" అన్న రెండు మాటలు మర్యాద, అది చాలు, దానికి కవిత్వం తోడైతే వాళ్లే అనుమానిస్తారు. మీ మేనేజరుకైతే మరీ పొడవుగా రాయకు, ఇంక్రిమెంట్ల నెలలో అసలే రాయకు. సొంతంగా రాయాల్సిన మనుషులు ఎవరికైనా పదిమందో పన్నెండుమందో ఉంటారు. వాళ్లవరకు ఏడాది పొడుగునా చెవి తెరిచి ఉంచు. మార్చిలో నీ స్నేహితురాలు ఈత నేర్చుకుంటున్నానని అంటుంది, నీళ్లంటే భయమని కూడా అంటుంది. సెప్టెంబరులో తన పుట్టినరోజుకి "భయం పోయిందా?" అని అడగాలంటే మార్చిలో విన్నది ఎక్కడో రాసి ఉండాలి. ఫోన్‌లో పేరు నంబరు దాచే చోటే నోట్స్ అని ఒక గడి ఉంటుంది, ఎవరూ వాడరు. అందులో రాయి. అలారం పుట్టినరోజునాడు కాదు, వారం ముందు పెట్టుకో. ఆ రోజే గుర్తొస్తే మెసేజ్ తప్ప ఇంకేం చెయ్యలేవు. వారం ముందు గుర్తొస్తే కార్డు ముక్క రాయొచ్చు. పోస్టుకార్డు ఇంకా 50 పైసలే. అర్ధరూపాయి చిల్లర ఎక్కడా దొరకదు కాబట్టి రెండు కొనాల్సి వస్తుంది, రెండోదాని మీద నాకు రాయి.

నీకు వచ్చేవాటి సంగతి కూడా అంతే. అందరికీ కలిపి ఒక థాంక్స్ కొట్టు, తప్పులేదు. ఎవరైనా నిజంగా నీ గురించి ఆలోచించి రాశారని తెలిస్తే మాత్రం వాళ్లకి ఆ పూటే విడిగా జవాబు రాయి.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాను. మన ఇంట్లో పెద్దవాళ్లు చాలామందికి రికార్డుల్లో ఉన్న తారీఖు అబద్ధం, అసలుది ఎవరూ రాసిపెట్టలేదు. మీ చిన్న తాతయ్య కొడుకు దివిసీమ ఉప్పెన తర్వాతొచ్చిన సంక్రాంతికి పుట్టాడు. ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది కాబట్టి వాడిది 1978 జనవరి అని నేను తేల్చాను. వాడి ఆధార్‌లో ఉన్నది వేరే. మా పక్క వాటాలో ఉండే మామ్మగారిది ఖమ్మం వైపు. రజాకార్ల గొడవల్లో వాళ్లమ్మ ఊరొదిలి చేలల్లో దాక్కున్నప్పుడు పుట్టిందట, పోలీసు చర్యకి కొన్నాళ్ల ముందు, వానల్లో. అంటే 1948. ఆవిడకి ఇంతవరకు ఎవరూ ఒక్క పుట్టినరోజూ చెయ్యలేదు, ఏ రోజని చేస్తారు? మొన్న శ్రావణమాసంలో పెద్దమ్మే ఒక శుక్రవారం ఎంచి, కొత్తచీర పెట్టి, పాయసం ఇచ్చి, "ఇదే మీ పుట్టినరోజనుకోండి" అంది. ఆవిడ ఒప్పుకుంది.

సంక్రాంతికి వస్తావు కదా, ఒక నోటుపుస్తకం తెచ్చుకో. నానమ్మ దగ్గర, మీ అమ్మమ్మ దగ్గర, మీ చిన్న తాతయ్య దగ్గర కూర్చుని ఎవరు ఏ పండక్కి ముందు పుట్టారో, ఏ వాన తర్వాత పుట్టారో అడిగి రాసుకో. పంచాంగంతో సరిపోల్చి తారీఖులు తియ్యడం నా వంతు, పాత పంచాంగాలు నా దగ్గరున్నాయి. నానమ్మకి పొద్దుటిపూటే జ్ఞాపకం బాగుంటుంది, భోజనం అయ్యాక అడిగితే పేర్లు కలిపేస్తుంది. భోగి ముందురోజుకే దిగిపో, పండగ మూడ్రోజులూ ఎవరికీ తీరిక ఉండదు.

ఇట్లు,
పెద్దనాన్న